పిల్లవాడు అమానతు, పాఠశాల జామీను: ఇస్లామీ విద్యాచరిత్రలో విద్యార్థి రక్షణ

పిల్లలకు విద్య నేర్పే చోట వారి దేహానికీ, మనసుకూ, మానానికీ హాని కలుగకుండా చూడవలసిన బాధ్యత ఎవరిది? హాని జరిగితే ఎవరు, ఎవరి ముందు జవాబు చెప్పుకోవాలి? ఈ రెండు ప్రశ్నలు నేడు మన దేశంలోని ప్రతి విద్యాసంస్థ ముందూ ఉన్నాయి. మన సమాజంలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఉస్తాదును ప్రశ్నించడం మన సంప్రదాయం కాదనీ, ఇదంతా పాశ్చాత్యుల నుండి దిగుమతి అయిన ఆలోచన అనీ కొందరంటారు. మన మక్తబులు బెత్తం మీదనే నడిచాయనీ, పిల్లవాని హక్కు అన్న భావనే మన గ్రంథాలలో లేదనీ మరికొందరంటారు. ఒకరు సమర్థిస్తూ, ఒకరు నిందిస్తూ చెప్పినా రెండు మాటలకూ ఆధారం ఒకటే: మన ధర్మశాస్త్రవేత్తలు ఈ విషయమై ఏమి వ్రాశారో చూడకపోవడం.

వాస్తవానికి బాలుర ఉపాధ్యాయుని విధులను గురించి, అతని హద్దులను గురించి, హద్దు మీరినప్పుడు అతనిపై పడే బాధ్యతను గురించి ప్రత్యేక గ్రంథాలు వ్రాయబడి పదకొండు శతాబ్దాలు దాటింది. ఆ గ్రంథాలను వరుసగా పరిశీలించి, వాటిలో నేటి మక్తబుకు, మద్రసాకు, పాఠశాలకు పనికివచ్చే సూత్రాలేమిటో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఖైరవాన్ నగరపు చిన్న పుస్తకం

నేటి ట్యునీషియా దేశంలో ఉన్న ఖైరవాన్ నగరాన్ని హి. 50 (క్రీ.శ. 670)లో ఉఖ్బా బిన్ నాఫె నిర్మించారు. తరువాతి కాలంలో అది మాలికీ ఫిఖ్హ్‌కు పెద్ద కేంద్రమయింది. మాలికీ మజ్‌హబుకు మూలస్తంభమైన ‘ముదవ్వనా’ను కూర్చిన ఇమామ్ సహ్నూన్ (మరణం క్రీ.శ. 854) అక్కడివారే. ఆయన కుమారుడు ముహమ్మద్ బిన్ సహ్నూన్ (క్రీ.శ. 817–870) ‘ఆదాబుల్ ముఅల్లిమీన్’ అనే చిన్న గ్రంథం వ్రాశారు. బాలుర ఉపాధ్యాయుల గురించి మనకు దొరికిన ప్రత్యేక గ్రంథాలలో ఇది అతి ప్రాచీనమైనదిగా పరిగణించబడుతున్నది. హసన్ హుస్నీ అబ్దుల్ వహ్హాబ్ దీనిని 1931లో ట్యూనిస్‌లో పరిష్కరించి అచ్చువేయించారు.

ఈ గ్రంథంలో ఎక్కువ భాగం ప్రశ్నోత్తరాలే. ఉపాధ్యాయుడు ఏమి చేయవచ్చు, ఏమి చేయరాదు అని కుమారుడు అడుగుతాడు, తండ్రి ఫత్వా చెబుతాడు. ప్రశ్నలు ఆకాశంలో నుండి ఊడిపడినవి కావు. ఊరిలో జరుగుతున్న వ్యవహారాల నుండి పుట్టినవి. పిల్లలను తన సొంత పనులకు పంపవచ్చునా? పంపరాదు. పాఠం జరిగే వేళ వారిని వదలి ఇతర వ్యాపకాలకు, చివరకు జనాజా నమాజుకైనా పోవచ్చునా? పోరాదు, ఎందుకంటే అతడు ఆ సమయానికి జీతం పుచ్చుకున్నాడు. బడికి రాని పిల్లవానిని వెతికి తీసుకురమ్మని మరొక పిల్లవానిని పంపవచ్చునా? తండ్రుల అనుమతి లేనిదే పంపరాదు, ఇల్లు దగ్గరలో ఉంటే తప్ప. పండుగ కానుకలు అడగవచ్చునా? అడిగి, బెదిరించి పుచ్చుకోరాదు. ఇంటి నుండి పిల్లవానికి అన్నం వచ్చినప్పుడు శిక్షగా అన్నమూ, నీళ్ళూ ఆపరాదు. ధనవంతుని బిడ్డకూ, పేదవాని బిడ్డకూ మధ్య తేడా చూపరాదు.

దండన విషయమై ఇబ్నె సహ్నూన్ నియమాలు మరింత స్పష్టమైనవి. ఖుర్ఆన్ పాఠం కొరకు మూడు దెబ్బలకు మించరాదు. ఆటపాటలలో పడి అల్లరి చేసినందుకు వేసే దండనకు కూడా పదికి మించకుండా హద్దు పెట్టారు. తలపై, ముఖంపై కొట్టరాదు. కొట్టే పనిని తోటి పిల్లలలో ఒకనికి అప్పగించరాదు. కొరడా కొనవలసి వస్తే ఉపాధ్యాయుడు తన సొమ్ముతోనే కొనాలి, దాని ఖర్చు పిల్లలపై వేయరాదు.

ఈ నియమాలు చదివిన నేటి పాఠకునికి ఒక సందేహం కలుగుతుంది. దెబ్బను నిషేధించలేదు కదా, హద్దు మాత్రమే పెట్టారు కదా అని. నిజమే. దానిని దాచవలసిన అవసరం లేదు. తొమ్మిదవ శతాబ్దంలో ఏ జాతి బడిలోనూ బెత్తం లేకుండా లేదు. మనం గమనించవలసింది, ఆ బెత్తం ఉపాధ్యాయుని ఇష్టానికి వదలిపెట్టబడలేదన్న సంగతి. దెబ్బలకు లెక్క ఉంది. లెక్క ఉన్న చోట లెక్క అడిగేవాడు కూడా ఉంటాడు. ఇమామ్ సహ్నూన్ తన కుమారుణ్ణి బడికి పంపినప్పుడు అతనిని ప్రశంసతో, మృదువైన మాటతో మాత్రమే దిద్దాలనీ, కొట్టి తిట్టి దిద్దదగిన పిల్లవాడు కాడనీ ఉపాధ్యాయునికి చెప్పి పంపినట్లు నమోదయింది. పదికి హద్దు చెప్పిన పండితుడు తన బిడ్డ విషయంలో ఒక దెబ్బకు కూడా అనుమతి ఇవ్వలేదు. దండించే అధికారం తండ్రి ఇస్తేనే ఉపాధ్యాయునికి వస్తుందన్న సూత్రం దీనిలో ఇమిడి ఉంది. ఈ సూత్రం దగ్గరికి మనం మళ్ళీ వస్తాము.

ఇమామ్ ఖాబిసీ హెచ్చరికలు

అదే నగరంలో నూరేళ్ళ తరువాత అబుల్ హసన్ అలీ అల్ ఖాబిసీ (క్రీ.శ. 935–1012) వెలిశారు. ఆయన అంధుడు. హదీసులోను, ఫిఖ్హ్‌లోను ప్రామాణికుడు. ఉపాధ్యాయుల, విద్యార్థుల స్థితిగతులను గురించి ఆయన వ్రాసిన విపులమైన ‘రిసాలా’ ఇబ్నె సహ్నూన్ గ్రంథాన్ని ఆధారం చేసుకుని, దానిని ఎంతో విస్తరించింది.

ఖాబిసీ మూడు కొత్త విషయాలు చేర్చారు. మొదటిది కోపం. దైవప్రవక్త (స) న్యాయాధికారి కోపంలో ఉండగా తీర్పు చెప్పరాదన్నారు కదా, పిల్లవాని విషయంలో ఉపాధ్యాయుడు కూడా న్యాయాధికారి వంటివాడే, కనుక కోపం వచ్చిన వేళ చేయి ఎత్తరాదు అని ఆయన వాదన. హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) ఒక మనిషిని దండించమని ఆజ్ఞాపించి, తనలో కోపం ఉన్నట్లు గ్రహించి, వెంటనే వదిలివేయించిన సంఘటనను ఆయన ఉదాహరించారు. ఉపాధ్యాయుడు తన మనశ్శాంతి కొరకు పిల్లవానిని కొడితే అది శిక్షణ కాదు, అన్యాయం.

రెండవది మాట. పిల్లవానిని కోతి అనీ, వికృతరూపుడనీ తిట్టరాదని ఖాబిసీ ప్రత్యేకంగా వ్రాశారు. నోరు జారితే ఉపాధ్యాయుడు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకొని, మరల ఆ మాట అనకుండా ఉండాలి. ఎప్పుడూ ముఖం ముడుచుకొని కూర్చునే ఉపాధ్యాయుని కూడా ఆయన తప్పుపట్టారు. నేటి చట్టాలు ‘మానసిక వేధింపు’ అని పేర్కొనే దానిని ఒక ఖైరవాన్ పండితుడు వెయ్యేళ్ళ క్రితమే పేరు పెట్టి వారించారు.

మూడవది అన్నింటికంటె సున్నితమైనది. పిల్లలలో యుక్తవయస్సుకు చేరువైనవాడు, చెడుపు చేయగలడని భయపడదగినవాడు ఎవడైనా ఉంటే, ఉపాధ్యాయుడు ఒకరి నుండి మరొకరిని కాపాడాలి, ఇది అతని సంరక్షణ విధిలో భాగం అని ఖాబిసీ వ్రాశారు. మన పెద్దలు ఈ ప్రమాదాన్ని ఎరుగని అమాయకులు కారు. వారు దానిని గురించి మాట్లాడడానికి సిగ్గుపడలేదు. సిగ్గుపడి మౌనం వహించినవారం మనమే.

ముహ్తసిబ్: ఫిర్యాదు కొరకు వేచి ఉండని అధికారి

గ్రంథంలో నియమం ఉండగానే సరిపోదు, దానిని అమలుచేసే చేయి కావాలి. ఇస్లామీ నగరాలలో ఆ చేయి ‘హిస్బా’ శాఖ. దాని అధికారి ముహ్తసిబ్. అంగడిలో తూనికలు, కొలతలు చూచే అధికారిగా మాత్రమే మనకతడు పరిచితుడు. కాని అతని పరిధిలో మక్తబు కూడా ఉండేది.

ఇమామ్ మావర్దీ (మరణం క్రీ.శ. 1058) ‘అల్ అహ్కాముస్ సుల్తానియా’లో ముహ్తసిబ్ పర్యవేక్షించవలసిన వృత్తులను మూడు తరగతులుగా విభజించారు. కంసాలి, నేతగాడు, చాకలి, అద్దకపువాడు వంటి వారి విషయంలో నమ్మకస్తుడా, మోసగాడా అని చూడాలి. మరికొన్ని వృత్తులలో పని నాణ్యత చూడాలి. వైద్యుడు, ఉపాధ్యాయుడు వీరిద్దరి విషయంలో మాత్రం పనికి చాలినవాడా, చాలనివాడా అన్నది చూడాలి. వైద్యుని లోపం ప్రాణం తీస్తుంది. ఉపాధ్యాయుడు పిల్లవానిని ఏ పద్ధతిలో పెంచుతాడో పెద్దయిన తరువాత ఆ పిల్లవానిని దాని నుండి మళ్ళించడం కష్టం. అందువల్ల జ్ఞానమూ, సత్ప్రవర్తనా ఉన్నవారినే ఈ పనిలో ఉండనివ్వాలి, లేనివారిని తొలగించాలి అన్నారు మావర్దీ. ఉపాధ్యాయుని వైద్యుని పక్కన నిలబెట్టడంలోనే బాధ్యత ఎంత పెద్దదో తెలుస్తున్నది.

పన్నెండవ శతాబ్దంలో షామ్ ప్రాంతానికి చెందిన షైజరీ, ఆయన తరువాత ఈజిప్టుకు చెందిన ఇబ్నుల్ ఉఖువ్వా (మరణం క్రీ.శ. 1329) ముహ్తసిబ్‌ల కొరకు వ్రాసిన కరదీపికలలో బాలుర ఉపాధ్యాయులకు ఒక అధ్యాయమే ఉంది. ఎముక విరిచే లావు కర్ర వాడరాదు. పిల్లలచేత రాళ్ళు, మట్టి మోయించడం వంటి తండ్రులకు అవమానకరమైన పనులు చేయించరాదు. ఎవరూ లేని ఇంటికి పిల్లవానిని పంపరాదు, అనుమానానికి తావివ్వరాదు. ఉదయం సాయంత్రం పిల్లలను ఇండ్ల నుండి బడికీ, బడి నుండి ఇండ్లకూ తీసుకుపోయే మనిషి ఒకడుండేవాడు. అతడు నమ్మకస్తుడై, విశ్వసనీయుడై, వివాహితుడై ఉండాలన్నారు. కారణం కూడా చెప్పారు: అతడు పిల్లలతో ఒంటరిగా ఉండే సందర్భాలు వస్తాయి కనుక.

ఈ ఒక్క నియమాన్ని ఆగి చూడండి. ఉపాధ్యాయునితోనే విచారణ ఆగలేదు. బడికి సంబంధించిన పనివాడు, నేటి మాటలో బస్సు డ్రైవరు, ఆయా, కాపలాదారు, వీరు కూడా పరీక్షకు నిలవాలి. ఇక్కడ ప్రమాణం, పిల్లవానితో ఒంటరిగా ఉండే అవకాశం ఎవరికి ఉన్నది అన్నదే. పదవి పెద్దదా, చిన్నదా అన్నదానితో పని లేదు.

ఇబ్నె ఖల్దూన్ (క్రీ.శ. 1332–1406) తన ‘ముఖద్దిమా’లో హిస్బా శాఖను వర్ణిస్తూ, ఒకే వరుసలో కొన్ని పనులు చెప్పారు. పడవలవారు, కూలీలు మోయలేనంత బరువు ఎత్తకుండా చూడడం, కూలడానికి సిద్ధంగా ఉన్న ఇండ్లను పడగొట్టించి బాటసారులకు ప్రమాదం తప్పించడం, మక్తబులలో పిల్లలను మితిమీరి కొట్టే ఉపాధ్యాయులను అడ్డుకోవడం. బరువెక్కువైన పడవ, కూలబోయే గోడ, చేయి అదుపులేని ఉపాధ్యాయుడు – ఇవి మూడూ ప్రజాక్షేమానికి సంబంధించిన ఒకే కోవలోని ప్రమాదాలు. ఇంకొక మాట కూడా అక్కడే ఉంది. ముహ్తసిబ్ ఎవరో వచ్చి దావా వేసేదాకా కూర్చోనక్కర లేదు. తన చెవిన పడిన విషయాన్ని తానే విచారించవచ్చు. ఖాజీకీ, ముహ్తసిబ్‌కీ ఉన్న భేదాలలో ఇది ముఖ్యమైనది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఖాజీ కచేరీకి వెళ్ళి ఫిర్యాదు చేయలేడు. ఫిర్యాదు లేదు కనుక నేరం లేదు అనడం ఈ వ్యవస్థలో చెల్లదు.

అదే గ్రంథంలో మరొక చోట ఇబ్నె ఖల్దూన్ కాఠిన్యం వల్ల విద్యార్థికి కలిగే నష్టాన్ని వివరించారు. దెబ్బల కింద పెరిగిన బాలుని మనసు ముడుచుకుపోతుంది. ఉత్సాహం పోయి సోమరితనం వస్తుంది. చేతికి భయపడి అబద్ధం నేర్చుకుంటాడు, మోసం అలవాటవుతుంది, చివరకు ఆత్మగౌరవమే నశిస్తుంది. ఖలీఫా హారూన్ రషీద్ తన కుమారుడు అమీన్‌కు నియమించిన ఉపాధ్యాయునికి ఇచ్చిన సూచనలను ఆయన ఇక్కడ ఉటంకించారు. వీలయినంతవరకు సాన్నిహిత్యంతో, మృదుత్వంతోనే దిద్దాలనీ, దుఃఖపెట్టి బుద్ధిని చంపరాదనీ వాటి సారాంశం.

జమాన్: నష్టానికి పూచీ

ఇక ఫిఖ్హ్ గ్రంథాలలోని ముఖ్యమైన పదం ‘జమాన్’. నష్టానికి పూచీ వహించడం అని దీని అర్థం. పూచీపడినవాడు ‘జామిన్’. ఉర్దూ ద్వారా మన తెలుగు కచేరీలలోకి వచ్చిన ‘జామీను’ ఈ మాటే. ‘అమానతు’ కూడా అట్లాగే మన లెక్కల పుస్తకాలలో చేరింది. అరబీ నుండి తెలుగులోకి అనువదించేటప్పుడు చాలా పదాలకు సాటి వెతుక్కోవలసి వస్తుంది, ఈ రెండింటికీ ఆ శ్రమ లేదు. తెలుగు రైతుకు కూడా తెలుసు, అమానతు పెట్టిన సొమ్ము చెడితే అడగవచ్చునని, జామీను నిలిచినవాడు తప్పించుకోలేడని.

ఉపాధ్యాయుని దెబ్బ వల్ల పిల్లవాడు గాయపడినా, మరణించినా పూచీ ఎవరిది? షాఫియీ పండితుల మాట సూటిగా ఉంది: శిక్షణ కొరకు దండించే అనుమతి ‘పర్యవసానం క్షేమంగా ఉండాలి’ అన్న షరతుతో ముడిపడి ఉంది. పర్యవసానం చెడితే షరతు తప్పినట్లే, ఉపాధ్యాయుడు జామీను. మన ప్రాంతపు ముస్లిములు అత్యధికులు అనుసరించే హనఫీ మజ్‌హబులో, తండ్రి లేక సంరక్షకుని అనుమతి లేకుండా కొట్టిన ఉపాధ్యాయుడు జామీను అవుతాడు. అనుమతి ఉండి, వాడుకలో ఉన్న హద్దుకు లోబడి దండించినప్పుడే అతనికి మినహాయింపు. అనుమతి ఉన్నా దెబ్బ మితిమీరితే? హస్కఫీ (మరణం క్రీ.శ. 1677) ‘దుర్రె ముఖ్తార్’లో, మితిమీరి కొట్టిన ఉపాధ్యాయునికి ‘తాజీర్’ శిక్ష పడుతుందనీ, పిల్లవాడు మరణిస్తే జామీను కూడా అవుతాడనీ వ్రాశారు. ఈ గ్రంథం మన దేశపు మద్రసాలలోని ఫత్వా విభాగాలలో నిత్యం తిరగవేయబడేదే.

ఇక్కడ కొందరు ఒక హదీసు గుర్తుచేస్తారు. పదేళ్ళ వయస్సులో నమాజు విడిచిన బిడ్డను దండించమని దైవప్రవక్త (స) చెప్పారు కదా అని. ఆ ఆదేశం తల్లిదండ్రులను ఉద్దేశించినది. దానిని వ్యాఖ్యానిస్తూ ఇబ్నె ఆబిదీన్ షామీ (మరణం క్రీ.శ. 1836) చేతితోనే గాని కర్రతో కాదనీ, మూడుకు మించరాదనీ, ఉపాధ్యాయునికి కూడా ఇదే హద్దు అనీ వ్రాశారు. అంతేకాదు, అదే హదీసులో ఆ వయస్సు నుండి పిల్లల పడకలు వేరుచేయమన్న ఆజ్ఞ కూడా ఉంది. మొదటి సగం అందరికీ కంఠస్థం. రెండవ సగం మన వసతిగృహాలలో ఎంతమందికి గుర్తుంది? ఒకే గదిలో పక్కపక్కన చాపలు పరచి చిన్నవారినీ, పెద్దవారినీ కలిపి పడుకోబెట్టే సంస్థ ఆ హదీసును పాటిస్తున్నట్లా?

ఇంతకూ బెత్తం చేతబట్టిన ప్రతివాడూ గుర్తుంచుకోవలసిన ఆదర్శం మరొకటి ఉంది. హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండి పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్క విసుగు మాట కూడా ఎన్నడూ తాను వినలేదని ఆయనే చెప్పారు.

నియమాలు ఎందుకు మరుగునపడ్డాయి?

ఇంత స్పష్టమైన నియమాలు ఉండగా, మక్తబు అంటే దండన అన్న పేరు ఎందుకు వచ్చింది? మొదటి కారణం, గ్రంథాలలోని హద్దులను ప్రతి ఊరిలోనూ అందరూ పాటించలేదు. పండితులు పదే పదే వారించారంటేనే అది జరుగుతున్నదని అర్థం. రెండవ కారణం లోకరీతి. ‘గోష్త్ ఆప్ కా, హడ్డీ హమారీ’ అని బిడ్డను అప్పగించిన తండ్రులు ఉర్దూ నాట ఎందరో. మాంసం మీది, ఎముకలు మాత్రం మాకు మిగల్చండి అని. ‘దండం దశగుణం భవేత్’ అని చెప్పి కోదండం వేయించిన తెలుగు వీధిబడికీ, ఫలఖా కట్టిన మక్తబుకూ ఈ విషయంలో భేదం లేదు. ఇది ఒక మతం నేర్పిన గుణం కాదు. బలవంతుని చేతికి బలహీనుని అప్పగించి కళ్ళు మూసుకున్న చోటల్లా కనిపించే గుణం.

మూడవ కారణం చారిత్రకమైనది. మమ్లూకుల కాలపు కైరోలో అనాథ బాలుర మక్తబుల కొరకు వ్రాసిన వక్ఫు పత్రాలలో ఉపాధ్యాయుని అర్హతలు, శీలం, సహాయకుని నియామకం, పిల్లలకు ఇవ్వవలసిన ఆహారం, బట్టలు షరతులుగా నమోదయ్యేవి. షరతు తప్పితే ముతవల్లీని అడగవచ్చు. మన దేశంలో వలస పాలన వచ్చిన తరువాత హిస్బా వంటి పదవులు పోయాయి. వక్ఫు ఆదాయాలు చెదిరాయి. మక్తబు ఊరి చందాల మీద, ఒక్క ఉస్తాదు ఓపిక మీద నిలిచింది. తక్కువ జీతానికి దొరికిన మనిషిని ప్రశ్నిస్తే వెళ్ళిపోతాడేమోనని కమిటీ భయపడింది. ఉచితంగా చదువు, అన్నం దొరుకుతున్న బిడ్డ విషయంలో పేద తండ్రి నోరు విప్పలేకపోయాడు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 89వ సెక్షను, పన్నెండేళ్ళ లోపు బిడ్డ మేలు కొరకు సంరక్షకుని సమ్మతితో సద్భావంతో చేసిన పని నేరం కాదన్నది. ఉపాధ్యాయులు కోర్టులలో ఈ సెక్షను చాటున నిలబడ్డారు. ఆ విధంగా సమ్మతి మిగిలింది, ముహ్తసిబ్ మిగలలేదు.

నేటి చట్టం, మన స్థానం

స్వతంత్ర భారతదేశంలో ఈ స్థితి నెమ్మదిగా మారింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో బడులలో శారీరక శిక్షను నిషేధించింది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి కప్పు అంటుకొని 94 మంది పిల్లలు మరణించారు. ఆ దుర్ఘటన నేపథ్యంలో వచ్చిన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు సురక్షితమైన బడి విద్యాహక్కులో భాగమని చెప్పి, భవనాల తనిఖీకి ఆదేశాలిచ్చింది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైల్వే గేటులో బడి బస్సును రైలు ఢీకొని పిల్లలు చనిపోయారు. కూలే గోడను గురించి ఇబ్నె ఖల్దూన్, పిల్లలను తీసుకుపోయే మనిషిని గురించి షైజరీ ఎందుకు వ్రాశారో ఈ రెండు సంఘటనలు చాలు తెలుసుకోవడానికి.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. కాని 2012లో వచ్చిన సవరణ మద్రసాలను, వేదపాఠశాలలను, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలను ఆ చట్టం నుండి మినహాయించింది. 2014లో సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ చట్టం అల్పసంఖ్యాక వర్గాల పాఠశాలలకు వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును పునఃపరిశీలించాలన్న ప్రశ్న 2025లో అదే కోర్టులో లేచింది. మన విద్యాసంస్థల స్వాతంత్ర్యం కొరకు వచ్చిన ఈ మినహాయింపు అవసరమే కావచ్చు. కాని బెత్తానికి దొరికిన అనుమతిపత్రంగా దీనిని ఎవరైనా చదివితే అది చట్టానికీ, ఫిఖ్హ్‌కూ రెండింటికీ అపార్థమే.

చట్టం సంగతి చూస్తే, లైంగిక నేరాల నుండి బాలలను రక్షించే 2012 నాటి పోక్సో చట్టం అందరికీ వర్తిస్తుంది. విద్యాసంస్థ లేక మతసంస్థ సిబ్బంది చేసిన నేరాన్ని అది మరింత తీవ్రమైనదిగా పరిగణిస్తుంది. నేరం జరిగిందని తెలిసి పోలీసులకు తెలుపకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. సంస్థ బాధ్యుడు దాచితే ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. 2020 నాటి నియమాల ప్రకారం పిల్లలతో మెలగే సిబ్బంది పూర్వాపరాలను సంస్థలు పోలీసుల ద్వారా విచారించుకోవాలి. 2015 బాలల న్యాయచట్టం ప్రకారం తన సంరక్షణలో ఉన్న బిడ్డ పట్ల క్రూరంగా ప్రవర్తించడం ఎవరు చేసినా శిక్షార్హమే.

ఫిఖ్హ్ సంగతి చూస్తే, ఉపాధ్యాయుని చేతిలోని అధికారం అతని సొంతం కాదు, సంరక్షకుడు అప్పగించినది. అప్పగించినవాడు దానిని వెనుకకు తీసుకోవచ్చు. ఇమామ్ సహ్నూన్ తన బిడ్డ విషయంలో చేసింది అదే. నేటి తల్లిదండ్రులు బిడ్డను కొట్టమని పంపడం లేదు. వాడుక మారింది, వైద్యం మనసుకు తగిలే గాయాన్ని గుర్తించింది. ఫిఖ్హ్‌లో మినహాయింపు నిలబడిన రెండు కాళ్ళు, అనుమతి, వాడుక, రెండూ తొలగిపోయాయి. మిగిలింది జమాన్ ఒక్కటే.

పరదాపోషీ ఎవరి కొరకు?

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న మౌనానికి సంబంధించినది. ఒక ఉపాధ్యాయునిపై తీవ్రమైన ఆరోపణ వచ్చినప్పుడు సంస్థ పరువు పోతుందనీ, ముస్లిం సోదరుని లోపాన్ని కప్పమన్నారనీ చెప్పి, అతనిని చడీచప్పుడు లేకుండా పంపివేస్తారు. అతడు మరొక ఊరిలో, మరొక మక్తబులో చేరతాడు. అక్కడి పిల్లలకు ఈ సంగతి తెలియదు.

లోపాన్ని కప్పడం గొప్ప గుణమే, అది మనిషికీ అల్లాహ్‌కూ మధ్యనున్న పాపమైతే. ఇక్కడ మూడవ వ్యక్తి హక్కు ఉంది. ఇమామ్ నవవీ (మరణం క్రీ.శ. 1277) ‘రియాజుస్ సాలిహీన్’లో పరోక్షంగా ఒకరి లోపం చెప్పడానికి అనుమతి ఉన్న ఆరు సందర్భాలు లెక్కపెట్టారు. అన్యాయానికి గురైనవాడు అధికారి ముందు ఫిర్యాదు చేయడం వాటిలో మొదటిది. కీడు నుండి ముస్లిములను హెచ్చరించడం మరొకటి. దీనికి ఉదాహరణగా ఆయన హదీసు ఉల్లేఖకుల గుణదోష విచారణను పేర్కొన్నారు. మన ముహద్దిసులు ఎందరో ఉల్లేఖకుల పేర్లు పెట్టి ఇతడు నమ్మదగడు, ఇతడు అబద్ధీకుడు అని గ్రంథాలలో వ్రాశారు. ఒక వాక్యం స్వచ్ఛత కొరకు మనుషుల చరిత్రను విప్పి చూపిన సమాజం, ఒక బిడ్డ దేహం కొరకు నోరు మూసుకోవడం న్యాయమా? అదే సమయంలో, ఆ ముహద్దిసులే మరొకటి నేర్పారు: విచారించకుండా మచ్చ వేయరాదు. పుకారుపై ఉస్తాదు జీవితం నాశనం చేయడమూ దౌర్జన్యమే. అందుకే విచారణ కమిటీ పెద్దల ఇంటి వసారాలో ముగియకూడదు. చట్టం చెప్పిన అధికారి వద్దకు వెళ్ళాలి.

ఆచరణకు కొన్ని మాటలు

పై చర్చ నుండి మన సంస్థల నిర్వాహకులు వెంటనే చేయదగినవి కొన్ని తేలుతున్నాయి. ఉపాధ్యాయుని, పనివాని నియామకానికి ముందు పూర్వం పనిచేసిన చోట వ్రాతపూర్వకంగా విచారించాలి, పోలీసు ధ్రువీకరణ తీసుకోవాలి. ఇది షైజరీ అడిగిన నమ్మకస్తత. పిల్లవానిని ఏ పెద్దమనిషితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉంచరాదు. వసతిగృహంలో వయస్సును బట్టి పడకలు, గదులు వేరుచేయాలి, రాత్రివేళ పర్యవేక్షణ ఉండాలి. పిల్లలచేత సొంత పనులు చేయించుకోరాదు. బెత్తం గదిలో ఉండనేకూడదు. భవనం, మెట్లు, వంటగది, బస్సు ఏటా తనిఖీ కావాలి.

వీటన్నిటికంటె ముఖ్యం, ప్రతి సంస్థకూ ఒక ముహ్తసిబ్ ఉండాలి. నిర్వాహకుని బంధువు కాని, జీతగాడు కాని మనిషి, వీలైతే ఒక స్త్రీ, పిల్లలతో నెలకొకసారి విడిగా మాట్లాడి, ఫిర్యాదు కొరకు వేచి చూడకుండా అడిగి తెలుసుకునే అధికారం ఆమెకు ఉండాలి. ఆమె పేరు, కలుసుకునే తీరు పిల్లలకూ, తల్లులకూ తెలిసి ఉండాలి. ఫిర్యాదు చేసిన బిడ్డకు చదువూ, అన్నమూ ఆగవని కమిటీ వ్రాతలో హామీ ఇవ్వాలి. మంచి ఉస్తాదుకు దీనివల్ల నష్టం లేదు. లెక్క సరిగా ఉన్న వ్యాపారి త్రాసు తనిఖీకి భయపడడు.

‘తాదీబ్’ అనే అరబీ పదాన్ని మనం దండన అని అనువదిస్తూ వస్తున్నాము. దాని ధాతువు నుండే ‘అదబ్’ వచ్చింది, విందుకు పిలవడం అన్న అర్థమిచ్చే ‘మాదుబా’ కూడా వచ్చింది. విందుకు పిలిచినవాడు అతిథిని అవమానించడు, గాయపరచడు, క్షేమంగా ఇంటికి చేర్చేదాకా అతని బాధ్యత తీరదు. ప్రతి కాపరీ తన మందను గురించి ప్రశ్నించబడతాడన్న దైవప్రవక్త (స) హెచ్చరిక కమిటీ అధ్యక్షునికీ, ఉస్తాదుకూ, బిడ్డను అప్పగించిన తండ్రికీ సమానంగా వర్తిస్తుంది. ఆ ప్రశ్న రేపు పరలోకంలో ఎదురుకాక ముందే, మన పిల్లలు ఈ లోకంలో అడగగలిగే ఏర్పాటు చేయడం మన చేతిలో ఉంది.